ఆటకు వెల కట్టినవారు

మిరప పంట చేతికి వచ్చు దినములలో ఎనుమాముల మార్కెట్టు యార్డు ఎట్లుండునో వరంగల్లు వారికి వేరుగా చెప్పనక్కరలేదు. రాత్రికి రాత్రే ట్రాక్టర్లు, లారీలు వచ్చి చేరును. తెల్లవారునప్పటికి ఎర్రని బస్తాలు వరుసలు దీరియుండును. గాలినిండ ఘాటు, దారిన పోవువాడు సైతము తుమ్మవలసినదే. పిమ్మట జెండా పాట జరుగును. ఆ పాటలో పలికినదే ఆనాటికి పై ధర. అడ్తిదారు, ఖరీదుదారు, గుమాస్తా, హమాలీ, దడవాయి, ఎవరి పనిలో వారు తొందరగా తిరుగుచుందురు. ఏడాది పొడుగునను చేనిలో చెమటోడ్చిన రైతు మాత్రము తన బస్తాల ప్రక్కన నిలబడి, తన కష్టమునకు ఇతరులు వెల కట్టుచుండగా వినుచుండును.

ఆ ప్రాంతమున ఒక పాఠశాలలో పనిచేయు ఉపాధ్యాయ మిత్రుడొకరు ఇటీవల మాకొక సంగతి చెప్పినారు. తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు, రైతు బిడ్డ, పాఠము నడుమ లేచి, “సార్, మేమాడే ఫుట్‌బాల్ గేము కంపెనీని ఎవలో కొన్నరంట. ఆడేటోళ్లం మేము. మమ్ముల ఎవలన్న అడిగిన్రా?” అని ప్రశ్నించినాడట. తరగతి అంతయు ఘొల్లున నవ్వినది. ఉపాధ్యాయుడు నవ్వలేదు. “రేపు చెప్తా, కూర్చో బిడ్డా” అని మాత్రమనినారట. ఆ రేపటి సమాధానము ఎట్లుండవలెనని వారు మమ్ము అడిగినారు. ప్రశ్న చిన్నవానిదే గాని చిన్నది కాదు. పెద్దలము మనమే సరిగా ఆలోచించియుండని విషయమొకటి అందులో దాగియున్నది. కనుకనే ఈ ఆదివారము దానిని ఈ పుటలో చర్చింపదలచితిమి.

ముందుగా జరిగిన సంగతి తెలిసికొందము. 2025 సెప్టెంబరు 29వ తేదీన, అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను వీడియో గేముల ప్రచురణ సంస్థను సుమారు 5,500 కోట్ల డాలర్ల విలువకు కొనుటకు ఒడంబడిక కుదిరినట్లు ప్రకటన వెలువడినది. కొనుటకు ముందుకు వచ్చిన సంస్థలు మూడు. ఒకటి సౌదీ అరేబియా ప్రభుత్వ నిధియైన పబ్లిక్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్. రెండవది సిల్వర్ లేక్ అను పెట్టుబడి సంస్థ. మూడవది అమెరికా అధ్యక్షుడు ట్రంప్ అల్లుడైన జారెడ్ కుష్నర్ నెలకొల్పిన అఫినిటీ పార్ట్‌నర్స్. వాటా ఒక్కింటికి 210 డాలర్ల రొక్కము చెల్లింతుమనినారు. ఈ ధనములో 2,000 కోట్ల డాలర్లు అప్పుగా తెచ్చునది. అప్పు చేసి కంపెనీని కొను బేరములలో ఇంత పెద్దది పూర్వము కుదిరియుండలేదు. 2025 డిసెంబరులో సంస్థ వాటాదారులు దీనికి సమ్మతి తెలిపినారు. వాటాదారులను అడిగినారు, వారు చేయెత్తినారు. ఆటగాండ్రను ఎవరును అడుగలేదు. పిల్లవాడు చెప్పినది అక్షరాల నిజము.

ఈ సంస్థ మనకు బొత్తిగా పరాయిది కాదు. 1982లో కాలిఫోర్నియాలో ట్రిప్ హాకిన్స్ దీనిని స్థాపించినాడు. ఆటలు తయారు చేయువారు కూలివారు కారు, కళాకారులు అను భావముతోనే దానికి ‘ఎలక్ట్రానిక్ కళలు’ అను అర్థము వచ్చు పేరు పెట్టినారు. తొలి దినములలో ఆట పెట్టెలను గ్రామఫోను రికార్డుల అట్టల వలె తీర్చి, రచయిత పేరును గ్రంథముపై వేసినట్లు తయారు చేసినవారి పేరును ముద్రించెడివారు. తరువాత సంస్థ పెరిగినది. 1993లో ఆరంభమైన దాని ఫుట్‌బాల్ ఆట ముప్పది ఏండ్లు ఫిఫా పేరుతో నడిచి, 2023 నుండి వేరు పేరుతో వెలువడుచున్నది. 2000లో వచ్చిన ‘ది సిమ్స్’ అను ఇల్లు కట్టి సంసారము నడపు ఆట ప్రపంచమంతట వ్యాపించినది. మన హైదరాబాదులోను ఈ సంస్థకు శాఖ కలదు. తెలుగు యువకులు, యువతులు అందు పనిచేయుచున్నారు.

ఇంకొక జ్ఞాపకము కలదు. నేడు ముప్పది, నలుబది ఏండ్ల వయసున్న హనుమకొండ, వరంగల్లు వారిని అడిగి చూడుడు. నెట్ సెంటరులో గంటకింత అని చెల్లించి, ఒకే కీబోర్డుపై ఇద్దరు మిత్రులు చేతులు వేసి ఆడిన ‘క్రికెట్ 07’ను వారు మరువలేరు. 2006 నవంబరులో అది వెలువడినది. ఆ తరువాత ఆ సంస్థ అట్టి క్రికెట్ ఆటను మరల తీసికొని రాలేదు. క్రికెట్ అనిన ప్రాణమిచ్చు దేశమున ఇంత ఆదరణ పొందిన ఆట వ్యాపారి లెక్కలో ఏ కారణముననో నిలువలేదు. కాని ఆట చావలేదు. అభిమానులే దానికి ప్రాణము పోసినారు. కొత్త ఆటగాండ్ర పేర్లు, కొత్త చొక్కాలు, కొత్త మైదానములు తామే తయారు చేసి ఒకరికొకరు పంచుకొనినారు. ఐపీఎల్ పోటీలు పుట్టినదే 2008లో. అయినను 2006 నాటి ఆటలో అభిమానులు ఐపీఎల్ జట్లను ఆడించినారు. కంపెనీ విడిచిన చేనును పాలికాపులు దున్నినట్లయినది. ఈ సంగతిని పాఠకులు మనసులో ఉంచుకొందురు గాక. మరల దీనికే వచ్చెదము.

కొనుగోలు వార్త వెలువడగానే ప్రపంచమంతటనున్న ఆటగాండ్రు గగ్గోలు పెట్టినారు. ఆ గగ్గోలు ఒకే స్వరము కాదు. కొందరు అప్పును చూచి భయపడినారు. ఇన్ని వేల కోట్లు తీర్చవలసిన సంస్థ ఎక్కడ తీర్చును? పనివారిని తగ్గించియో, ఆటలో ప్రతి అడుగునకు పైసలడిగియో తీర్చును గదా అని వారి వాదము. మరికొందరు కొనువారిలో ఒక రాజ్యమే ఉండుటను ఆక్షేపించినారు. ‘ది సిమ్స్’ ఆటలో తొలినుండి స్త్రీ స్త్రీని, పురుషుడు పురుషుని వలచుటకు వీలున్నది; సౌదీ అరేబియాలో అది శిక్షార్హమైన నేరము. అట్టి యాజమాన్యము క్రింద ఆ స్వేచ్ఛ నిలుచునా అని ఆ ఆట అభిమానులు సందేహించినారు. ఏండ్ల తరబడి ఆ ఆటను లక్షల మందికి పరిచయము చేసిన కొందరు సంస్థతో తమకున్న ఒప్పందములను వదలుకొనినారు. అమెరికాలోని వీడియో గేము కార్మికుల సంఘము, బేరము జరిగినప్పుడు పనివారికి ప్రాతినిధ్యమే లేదని, ప్రభుత్వము దీనిని నిశితముగా పరీక్షింపవలెనని కోరినది. వేరొక వర్గము, మూడు నెలలకొకమారు వాటా బజారుకు లెక్క చెప్పు బాధ తప్పినచో మంచి ఆటలు రావచ్చునని ఆశపడినది. ఎవరు కొన్న నాకేమి, బంతి గోలులో పడిన చాలునన్న వారును లేకపోలేదు.

ఇక ఎదుటి పక్షమును న్యాయముగా వినవలెను. సినిమాహాలు చేతులు మారినప్పుడు ప్రేక్షకులను అడుగుదురా? వస్త్రాల దుకాణము అమ్ముడుపోయినప్పుడు చీర కొన్న ఇల్లాలి అనుమతి తీసికొందురా? వెల ఇచ్చినారు, వస్తువు పుచ్చుకొనినారు. అంతటితో ఋణము తీరినది. యాజమాన్యము వాటాదారులది; వారికి ఇష్టమైనవారికి అమ్ముకొందురు. నచ్చనివాడు ఆట మానవచ్చును. ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. చట్టము కూడ ఈ పక్షముననే ఉన్నది.

కాని ఈ పోలికలో లోపమొకటి ఉన్నది. చీర అమ్మినవాడు మరునాడు మన ఇంటికి వచ్చి, కొంగు వాడుటకు వేరే రుసుము అడుగడు. నేటి వీడియో గేము వ్యాపారము అట్లు కాదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆదాయములో నాలుగింట మూడు వంతులకు దరిదాపు, ఆటను అమ్మినప్పుడు వచ్చునది కాక, అమ్మిన పిదప ఆడుచున్నవారి నుండి ఏడాది పొడుగునను వచ్చునదే. కొత్త ఆటగాడు కావలెనన్న ఇంత, అలంకారము కావలెనన్న ఇంత, ఏమి వచ్చునో తెలియని మూటను విప్పవలెనన్న ఇంత. కనుక 5,500 కోట్ల డాలర్లు పెట్టి కొనినది భవనములను కాదు, యంత్రములను కాదు. రేపును ఎల్లుండియు ఈ పిల్లలు వచ్చి ఆడుదురు, డబ్బు పెట్టుదురు అను నమ్మకమును కొనినారు. ఇంకను స్పష్టముగా చెప్పవలెననిన, ఆ పిల్లవాని అలవాటును, అభిమానమును, అతడు మిత్రులతో కలిసి గడిపిన సాయంకాలములను లెక్కగట్టి వెల నిర్ణయించినారు. అతనిని అడుగలేదు, కాని అతడు ఆ వెలలో ఉన్నాడు.

మిరప బస్తా ప్రక్కన నిలబడిన రైతును ఇక్కడ మరల తలచుకొందము. జెండా పాటలో పలికిన ధర అన్ని బస్తాలకును దక్కదని, ఒకటి రెండు రాశులకే అది పరిమితమని రైతులు మొరపెట్టుట మిరప మార్కెట్లలో తరచు వినబడు మాట. రైతు బ్రతుకు పూలపాన్పు కాదు. అయినను రైతుకు కొన్ని రక్షణలు కలవు. ధర నచ్చనిచో బస్తా కట్టి వెనుకకు తీసికొనిపోవచ్చును, లేదా శీతల గిడ్డంగిలో దాచుకొనవచ్చును. రాశి అతనిది. 1966 నాటి మార్కెట్ల చట్టము వ్యాపారికి లైసెన్సు ఉండవలెననినది. క్రయవిక్రయములు బహిరంగముగా యార్డులో జరుగవలెననినది. మార్కెట్టు కమిటీలో రైతుల ప్రతినిధులకు స్థానము కల్పించినది. ఆ చట్టము ఆకాశమునుండి ఊడిపడలేదు. తూకములో మోసమును, చాటుమాటు బేరములను సహింపలేక రైతులు తరతరములుగా చేసిన ఆందోళనకు అది ఫలము. ఆట ఆడు పిల్లవానికి ఇట్టి యార్డు లేదు, కమిటీ లేదు, కాంటా లేదు. అతని అభిమానము ఏ తూకమున తూగినదో అతనికి తెలియదు.

ఆటగాండ్ర భయము ఊహామాత్రమా? ఇటీవలి చరిత్రను చూచిన తెలియును. 2022 జనవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ ఆక్టివిజన్ బ్లిజర్డ్ అను మరొక ప్రచురణ సంస్థను 6,870 కోట్ల డాలర్లకు కొనెదనని ప్రకటించినది. అమెరికా వాణిజ్య సంఘము వ్యాజ్యము వేసినది. బ్రిటిషు అధికారులు తొలుత కాదనినారు. 2022 డిసెంబరులో పదిమంది ఆటగాండ్రు తామే న్యాయస్థానమునకు ఎక్కినారు. తుదకు 2023 అక్టోబరులో కొనుగోలు జరిగిపోయినది. 2024 జనవరిలో 1,900 మందికి ఉద్యోగములు పోయినవి. అంతకుముందు 2021లో అదే మైక్రోసాఫ్ట్ వేరొక ప్రచురణ సంస్థతో పాటు కొనిన టాంగో గేమ్‌వర్క్స్ అను జపాను కార్యశాల, మెచ్చదగిన ఆటను తయారు చేసిన మరుసటి ఏటనే, 2024 మే నెలలో మూసివేయబడినది. దానిని తరువాత వేరొక కొరియా సంస్థ ఆదుకొనినది. 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ తన ఆటల చందాలో పై తరగతి రుసుమును అమెరికాలో నెలకు 19.99 డాలర్ల నుండి 29.99 డాలర్లకు పెంచినది. కొనుగోలే వీటన్నిటికి ఏకైక కారణమని మేమనము. కాని కొనినప్పుడు చెప్పిన తీపి మాటలకును, కొనిన పిదప వచ్చిన లెక్కలకును గల దూరమును చూచినవాడు రెండవమారు అనుమానించుట తప్పు కాదు.

సౌదీ ధనమును గురించి ఒక మాట. కరీంనగరము, నిజామాబాదు, వరంగల్లు పల్లెలకు గల్ఫు దేశముల పేర్లు కొత్తవి కావు. అక్కడ పనిచేసి పంపిన పైసలతో ఇక్కడ ఎన్నో ఇండ్లు లేచినవి. ఎందరో ఆడబిడ్డల పెండ్లిండ్లు జరిగినవి. కనుక ఒక దేశ ప్రజలను ద్వేషించుట మన అభిప్రాయము కాదు, కారాదు. ప్రశ్న వేరు. ఆ నిధి 2023లో స్కోప్‌లీ అను ఆటల సంస్థను తన అనుబంధ సంస్థ ద్వారా 490 కోట్ల డాలర్లకు కొనినది. ఆ స్కోప్‌లీ 2025లో, వీధులలో నడచుచు ఆడు ‘పోకెమాన్ గో’ ఆటను కొనినది. ఇప్పుడు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంతు వచ్చినది. ఏ దేశపు రాజ్యమైనను సరే, ఒక రాజ్యము కోట్లమంది పిల్లల తీరికకు యజమాని కాబూనినప్పుడు, ఏ కథను చెప్పనిత్తురు, దేనిని చెప్పనీయరు అని అడుగుట పౌరుని విధి. పత్రికను రాజ్యము కొనినచో మనము అడుగమా? ఆట కూడ నేడు కథ చెప్పు సాధనమే.

ఇంతవరకు ఆటగాండ్ర పక్షము చెప్పితిమి. వారి దోషములను కూడ చెప్పక విడువరాదు. కోపములో వివేకము తప్పినవారు, యజమానులను ఏమియు చేయలేక, ఆటను తయారు చేయు సామాన్య ఉద్యోగులను దూషించిన సందర్భములు ఈ రంగమున తక్కువ కావు. కార్యశాలలో రాత్రింబగళ్లు శ్రమించి బొమ్మ గీసినవాడు ఈ బేరమున ఆటగాని వలెనే అడుగబడనివాడు. అతనిని తిట్టుట, ధర పడిపోయినదని హమాలీని తిట్టుట వంటిది. వేరొక దోషము, నిలకడలేమి. ఇక ఈ ఆట ముట్టనని ప్రతిజ్ఞ చేసినవాడు పండుగకు కొత్త సంచిక రాగానే మొదటి వరుసలో నిలుచుండును. వ్యాపారికి ఈ సంగతి బాగుగా తెలియును. ఆటగాని కోపము రెండు వారముల జ్వరమని అతడు లెక్క వేసికొనును.

అయినను కోపము నిలకడగాను, గురి తప్పకను ఉన్నచో ఫలించునని కూడ చరిత్ర చెప్పుచున్నది. 2017 నవంబరులో ఇదే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’ను విడుదల చేయబూనినది. పూర్తి వెల ఇచ్చి కొనినవారు కూడ ముఖ్య వీరులను పొందవలెననిన గంటల తరబడి ఆడవలెను, లేదా లోపల ఏమున్నదో తెలియని పెట్టెలను కొనుచు అదృష్టమును పరీక్షించుకొనవలెను. ఆటగాండ్రు ఒక్కుమ్మడిగా ఎదురుతిరిగినారు. వారి ఆక్షేపణ స్పష్టమైనది, ఒక్కటే అయినది: ఇది ఆట కాదు, జూదము. విడుదలకు ఒకరోజు ముందు సంస్థ ఆ అమ్మకములను నిలిపివేసినది. మరుసటి ఏడు బెల్జియం దేశపు అధికారులు అట్టి పెట్టెలు జూదమేనని నిర్ణయించినారు. 2019 జనవరిలో ఆ దేశమున ఫుట్‌బాల్ ఆటలో అట్టి మూటలు కొనుటకు పనికివచ్చు నాణెముల అమ్మకమును సంస్థ మానుకొనవలసి వచ్చినది. ఆటకును జూదమునకును గల హద్దు మనకు కొత్త కాదు. తెలంగాణము 2017లోనే పందెము కట్టి ఆడు ఆన్‌లైను రమ్మీని నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించు చట్టము చేసినది.

మరియొక ముఖ్య విషయము కలదు. మనము కొన్నామనుకొను ఆట నిజముగా మనదేనా? 2014లో వచ్చిన ‘ది క్రూ’ అను కారు పందెముల ఆట సర్వర్లను యూబిసాఫ్ట్ అను సంస్థ 2024 మార్చి 31న ఆపివేసినది. నాటినుండి వెల ఇచ్చి కొనినవారు కూడ దానిని ఆడలేకపోయినారు. వారు కొనినది ఆటను కాదు, ఆడుటకు అనుమతిని మాత్రమే. అనుమతి ఇచ్చినవాడు వెనుకకు తీసికొనినాడు. దీనిపై ఐరోపాలో ఆటగాండ్రు ఉద్యమించినారు. ఆటను నిలిపివేసినను కొనినవానికి అది ఏదో ఒక రూపమున ఆడదగినదిగా మిగులునట్లు చట్టము చేయవలెనని వారి కోరిక. 2025 జూలై నాటికి ఆ విజ్ఞప్తిపై సంతకములు పదిలక్షలు దాటినవి. 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన కాలిఫోర్నియా చట్టము, అమ్మునది వస్తువు కాక అనుమతి మాత్రమే అయినప్పుడు ఆ మాటను కొనువానికి స్పష్టముగా చెప్పవలెనని విధించినది. ఇవి చిన్న అడుగులే. కాని రైతుకు యార్డు ఏర్పడుటకు ముందు కూడ అడుగులు ఇట్లే చిన్నవిగా పడియుండును.

మన తాతల ఆటలకు ఈ చిక్కు లేదు. చిర్రగోనెకు యజమాని ఎవడు? గోళీల నియమములను ఏ కంపెనీ వ్రాసినది? పులి-మేక ఆటకు గుడి మండపపు రాతిపై గీతలు గీసినవాని పేరు ఎవరికిని తెలియదు. వాడకొక పద్ధతి, ఊరికొక పద్ధతి. పిల్లలే కలిసి నిర్ణయించుకొందురు, తగవులాడుకొందురు, మరల మార్చుకొందురు. ఆ ఆటలను ఎవరును కొనలేరు, ఎవరును ఆపలేరు. వీడియో గేము అట్లు ఊరక పుట్టదు. వందలమంది ఏండ్ల తరబడి కృషి చేయవలెను. వారికి జీతము కావలెను. జీతమునకు మూలధనము కావలెను. కనుక పూర్వపు ఆటలకు మరలిపొండని పిల్లలకు బోధించుట సులభమే గాని సమాధానము కాదు. అయితే ‘క్రికెట్ 07’ అభిమానులు చూపిన త్రోవ ఒకటి కలదని పైన చెప్పితిమి. కంపెనీ వదలినను వారు వదలలేదు. కొనువారుగానే ఉండిపోక కొంతకు కొంత చేయువారు కూడ అయినారు. ఆ ఆట వారి కంప్యూటరులో, వారి చేతిలో ఉన్నది కనుక అది సాధ్యమైనది. అదే ఆట దూరపు సర్వరులో ఉండి, తాళము వేరొకరి మొలలో ఉండినచో, అది ఏనాడో కనుమరుగైపోయెడిది.

ఉపాధ్యాయులకు మా మనవి ఇది. ఆట పేరెత్తిన పిల్లవానిని “చదువు మాని ఇవేమి పనులు” అని కసరి కూర్చుండబెట్టకుడు. అతడు అడిగినది అర్థశాస్త్రము. అతడు అడిగినది పౌరశాస్త్రము. యాజమాన్యమనగా నేమి, అనుమతి అనగా నేమి, అప్పుతో కంపెనీని కొనినచో ఆ అప్పు ఎవరి నెత్తికెక్కును, వాటాదారునికి ఉన్న ఓటు పనివానికిని వాడుకరికిని ఏల లేదు అను విషయములను నల్లబల్లపై వ్రాసి చెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు. 2,000 కోట్ల డాలర్ల అప్పుపై నూటికి ఇంత వడ్డీ అనుకొనినచో ఏటికి ఎంత అగును, ఒక్కొక్క ఆటగాడు ఎంత చెల్లించిన అది తీరును అని లెక్క వేయించినచో, వడ్డీ లెక్కలు పిల్లలకు పుస్తకములో కంటె బాగుగా పట్టుపడును.

విద్యార్థులకు చెప్పవలసినది మూడు మాటలు. ఆటలో డబ్బు పెట్టుటకు ముందు, కొనునది వస్తువా, అనుమతియా అని చదివి తెలిసికొనుడు; ఏమున్నదో తెలియని మూటకు మీ తండ్రి చెమటను తాకట్టు పెట్టకుడు. కోపము వచ్చినప్పుడు ఎవరిపై, ఎందుకు, ఏమి కోరుచున్నారో ఒక కాగితముపై నాలుగు వాక్యములలో వ్రాయుడు. వ్రాయలేనిచో ఆ కోపము ఇంకను పండలేదని తెలిసికొనుడు. చివరిది, ఆడుటతో ఆగక చేయుట నేర్చుకొనుడు. మన భాషలో, మన ఊరి కథతో ఒక చిన్న ఆటను మీరు తయారు చేయగలిగిననాడు, వెల కట్టువారి ఎదుట మీ మాటకు బలము వచ్చును.

ఇక ఆ ఉపాధ్యాయ మిత్రుడు తరగతిలో చెప్పదగిన సమాధానము. “నిన్ను అడుగలేదు, బిడ్డా. నేటి చట్టము ప్రకారము అడుగనక్కరలేదు. కాని వారు కట్టిన వెలలో నీవున్నావు. నీవు లేనిచో ఆ వెల లేదు. ఒకప్పుడు నీ ముత్తాతను కూడ ఎవరును అడుగలేదు. అతడును అతని వంటివారును అడిగి అడిగి, యార్డును, కాంటాను, కమిటీలో కుర్చీని సంపాదించుకొనినారు. అది చాలదని మీ నాయన ఇప్పటికిని అడుగుచునే ఉన్నాడు. నీవును అడుగు.”